పూల్ పంపు అరుస్తోంది, ప్రెజర్ రావడం లేదు: మోటారు మార్చే ముందు వరసగా ఏం చూడాలి

మైపాడు రోడ్డులోని ఒక ఇంటి నుంచి ఎండాకాలం మొదట్లో ఫోన్ వచ్చింది. "అన్నా, పంపు గులకరాళ్లు నమిలినట్టు అరస్తా ఉండాది. కొత్త మోటారు పెట్టించి వారం కూడా కాలా. నీళ్లు చూస్తే సన్నగా కారతా ఉండాయి" అన్నాడు ఆ ఇంటి పిల్లాడు. వెళ్లాను. ఇంటి వెనక సరుగుడు చెట్లు, వాటి నీడలో పూల్, పక్కన రేకుల షెడ్డు. పంపు ముందుండే బుట్ట డబ్బాకు పారదర్శకమైన మూత ఉంటుంది కదా, అందులోంచి చూస్తే నీళ్లు సగానికే ఉన్నాయి. పైన బుడగలు గిరగిరా తిరుగుతున్నాయి.

పంపు ఆపి, మూత తీసి, దాని కింది రబ్బరు రింగును వేలితో చుట్టూ తడిమాను. ఒకచోట గోరుకు గరుకుగా తగిలింది. సరుగుడు ఆకు. దారం ముక్కంత ఉంటుంది, అంతే. రింగుకు అడ్డంగా పడి, మూత బిగించినప్పుడు రబ్బరులో చిన్న గాడి చేసుకుని కూర్చుంది. దాన్ని తీసేసి, రింగు తుడిచి, సిలికాన్ గ్రీజు పూసి మళ్లీ బిగించాం. పంపు వేసిన రెండు నిమిషాల్లో డబ్బా నిండిపోయింది, గోల ఆగిపోయింది. తీసేసిన పాత మోటారు షెడ్డు మూలన గోనెసంచి మీద పడి ఉంది. దానికి ఏ జబ్బూ లేదు.

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మోటార్లు బాగుచేస్తూ నేను ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు నెల్లూరు చుట్టుపక్కల కొన్ని ఇళ్ల పూల్స్ చూసుకుంటున్నాను. శబ్దం మోటారు దగ్గర వినపడుతుంది కాబట్టి అందరి చెయ్యీ ముందు మోటారు మీదికే పోతుంది. కానీ చాలాసార్లు లోపం ఉండేది మోటారుకు ముందు, నీళ్లు వచ్చే దారిలో. ఆ దారి వెంట పూల్ దగ్గర మొదలుపెట్టి వరసగా నడుచుకుంటూ వస్తే ఎక్కువ కేసులు పైసా ఖర్చు లేకుండా తేలిపోతాయి. ఆ వరస ఇక్కడ రాస్తున్నాను.

పంపు ఎందుకు అరుస్తుంది

పూల్ అంచున ఉండి పైపొర నీళ్లను, తేలే చెత్తను లాక్కునే స్కిమ్మర్ నుంచి, అడుగున ఉండే మెయిన్ డ్రెయిన్ నుంచి నీళ్లు సక్షన్ పైపుల్లో పంపుకు వస్తాయి. బుట్టలో చెత్త ఆగుతుంది. పంపు లోపలి రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, తిరిగి నీళ్లను శాండ్ ఫిల్టర్‌లోకి తోస్తుంది. ఫిల్టర్ దాటిన నీళ్లు గోడల్లోని రిటర్న్ కన్నాల నుంచి మళ్లీ పూల్‌లోకి పడతాయి.

పంపు నీళ్లను లాగుతుందని అంటాం. నిజానికి అది తన ముందు ఖాళీ మాత్రమే చేస్తుంది. ఆ ఖాళీలోకి నీళ్లను నెట్టేది మన చుట్టూ ఉన్న గాలి బరువు. సముద్ర మట్టం దగ్గర ఆ బరువు నీళ్లను ఎంత ఎత్తించినా సుమారు 10 మీటర్లే, పైపు రాపిడి పోగా చేతికందేది ఇంకా తక్కువ. దారిలో ఎక్కడైనా అడ్డం పడితే ఇంపెల్లర్ అడిగినన్ని నీళ్లు అందవు. అప్పుడు అక్కడ ఒత్తిడి బాగా పడిపోయి, నీళ్లు మరగకుండానే ఆవిరి బుడగలవుతాయి. ఆ బుడగలు ఇంపెల్లర్ అంచు దాకా వచ్చి ఫట్‌మని నలిగిపోతాయి. గులకరాళ్ల శబ్దం అదే. దీన్ని కావిటేషన్ అంటారు. నెలల తరబడి అలాగే నడిపిస్తే ఇంపెల్లర్ రెక్కలు గుంటలు గుంటలుగా తినేసినట్టవుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆవిరి కావడం తేలిక కాబట్టి, చలికాలంలో సర్దుకుపోయిన పంపు రోహిణి కార్తె ఎండల్లో బయటపడుతుంది.

రెండో రకం వేరు. దారిలో చిల్లు ఉండి, నీళ్లతోపాటు బయటి గాలి కూడా పోతే గుడగుడమని శబ్దం వస్తుంది. పొలాల్లో ఇంజన్లు నడిపిన పెద్దవాళ్లకు ఇది కొత్త కాదు. ఫుట్ వాల్వు దగ్గరో గ్లాండు దగ్గరో గాలి పట్టిందని పేడనీళ్లు పోసి ఇంజను ఎత్తుకునేవాళ్లు. పూల్ పంపుకు పేడనీళ్లు పోయలేం గానీ జబ్బు మాత్రం అదే.

చెయ్యి పెట్టే ముందు

పూల్‌లో ఎవరూ ఉండకూడదు. పంపు ఎంసీబీ ఆపండి. స్విచ్ ఒక్కటి ఆపితే చాలదు, ఇంట్లో ఇంకొకరు తెలియక వేస్తారు. ఎంసీబీ బాక్సు మీద "పని జరుగుతోంది" అని రాసి అతికించండి. ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) లేకపోతే మిగతా పనుల కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది పెట్టించండి. తడి నేల, తడి చేతులు, కరెంటు మూడూ ఒకేచోట ఉన్నాయి.

ఫిల్టర్ తల మీద గాలి వదిలే చిన్న వాల్వు ఉంటుంది. దాన్ని తిప్పి ప్రెజర్ గేజ్ సున్నాకు వచ్చాకే ఏ మూతైనా విప్పండి. ఫిల్టర్ మీద ఉండే, నీళ్ల దారి మార్చే మల్టీపోర్ట్ వాల్వు పిడిని పంపు నడుస్తుండగా ఎప్పుడూ తిప్పొద్దు. లోపలి గాస్కెట్ అక్కడికక్కడే తెగుతుంది.

1. ముందు చూడండి, వినండి

ఒక్కసారి పంపు వేసి ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడండి. మూతలోంచి చూడండి, గేజ్ చూడండి, రిటర్న్ కన్నం దగ్గర అరచెయ్యి పెట్టండి. ఈ ఐదు నిమిషాలే సగం పని.

"ప్రెజర్ పోయింది" అని ఫోన్‌లో చెప్పేవాళ్లు రెండు వేర్వేరు విషయాలకు అదే మాట వాడతారు. గేజ్ ముల్లు మామూలు కంటే కిందికి పడిపోయి, రిటర్న్ కూడా సన్నగా ఉంటే లోపం ఫిల్టర్‌కు ముందు ఉంది: పూల్ మట్టం, బుట్ట, గాలి చిల్లు, వాల్వు, ఇంపెల్లర్. గేజ్ ముల్లు బాగా పైకి పోయి, రిటర్న్ మాత్రం సన్నగా ఉంటే లోపం ఫిల్టర్‌లో గానీ ఆ తర్వాత గానీ ఉంది. అలాంటప్పుడు నేరుగా ఏడో మెట్టుకు వెళ్లండి, నడుమ ఉన్నవన్నీ విప్పాల్సిన పని లేదు.

గేజ్‌ను కూడా గుడ్డిగా నమ్మొద్దు. పంపు ఆపి, ఫిల్టర్ తల మీది గాలి వాల్వు తెరిచాక కూడా ముల్లు సున్నాకు రాకపోతే గేజే పాడైంది. సముద్రపు గాలి తగిలేచోట ఇవి తుప్పుపట్టి ఒకేచోట ఆగిపోతాయి. తక్కువ ఖర్చు వస్తువు, మార్చేయండి.

శబ్దాల్లో తేడా ఇలా పట్టొచ్చు. గులకరాళ్లు దొర్లినట్టుంటే నీళ్లు చాలడం లేదు. గుడగుడమంటూ మూతలో బుడగలు కనిపిస్తే గాలి పోతోంది. నీళ్లు నిండుగా ఉండి, మోటారు వెనక భాగం నుంచి కీచుమని ఒకే రాగం వస్తుంటే బేరింగు. మోటారు మూలుగుతూ తిరగకపోతే కెపాసిటర్ గానీ, ఇంపెల్లర్ ఇరుక్కోవడం గానీ. నేల అదురుతూ దడదడమంటే కింద బోల్టులు వదులైనట్టు. దానికి బోల్టులు బిగించి, కింద మందపాటి రబ్బరు షీటు వేస్తే సరిపోతుంది.

2. పూల్ మట్టం, స్కిమ్మర్

నీటి మట్టం స్కిమ్మర్ నోటికి సగం ఎత్తులో ఉండాలి. మన ఎండలకు వారంలో నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు తేలిగ్గా ఆవిరైపోతాయి, పిల్లలు దూకి చిమ్మేవి వేరే. మట్టం స్కిమ్మర్ అడుగుకు దిగితే నీళ్లు సుడి తిరిగి, ఆ సుడి నడిమి నుంచి గాలి పోతుంది. స్కిమ్మర్ నోట్లో ఊగే పలక ఉంటుంది. అది పైకి ఇరుక్కుపోయినా మట్టం సరిగా ఉండి కూడా గాలి పోతుంది, కాబట్టి వేలితో ఊపి చూడండి. స్కిమ్మర్ బుట్ట తీసి ఖాళీ చేయండి. బుట్ట పగిలి ఉంటే తాడుతో కట్టి వాడొద్దు, ఆ చెత్తంతా రేపు ఇంపెల్లర్‌లో దొరుకుతుంది.

3. పంపు బుట్ట, మూత, రబ్బరు రింగు

పంపు ఆపి, స్కిమ్మర్, మెయిన్ డ్రెయిన్, రిటర్న్ వాల్వులు మూసి, మూత తీయండి. పంపు పూల్ మట్టం కంటే కింద ఉన్నచోట వాల్వులు మూయకుండా మూత తీస్తే షెడ్డంతా నీళ్లే. బుట్ట కడిగి, దాని అడుగున, కన్నాల్లో ఇరుక్కున్నవి తీయండి.

ఇక రింగు. దాన్ని గాడిలోంచి పూర్తిగా బయటికి తీసి, వెలుతురులో కొద్దిగా సాగదీసి చుట్టూ చూడండి. సన్న సన్న పగుళ్లు కనిపించినా, గుండ్రంగా ఉండాల్సింది బల్లపరుపుగా నలిగిపోయినా మార్చాల్సిందే. బాగుంటే బట్టతో తుడవండి. రింగు కూర్చునే గాడినీ, మూత అంచునూ కూడా తుడవండి. ఇసుక రేణువు, వెంట్రుక, సరుగుడు ఆకు, ఏదున్నా గాలికి దారే. తర్వాత సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. బండి గ్రీజు, కొబ్బరినూనె, వాజలైన్ వద్దు. ఇలాంటి జిడ్డులు చాలా రింగుల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి, రింగు గాడిలో కూర్చోదు.

మూత చేత్తో బిగిస్తే చాలు. గట్టిగా ఉంటే మంచిదని రెంచీ వేస్తే మూత పగులుతుంది. సన్నటి పగులు వచ్చినా రింగు మార్చినంత మాత్రాన గాలి ఆగదు.

4. నీళ్లు నింపి ఎత్తుకోవడం

బుట్ట డబ్బాను పూల్ నీళ్లతో అంచుదాకా నింపి మూత పెట్టండి. వాల్వులన్నీ తెరవండి. మల్టీపోర్ట్ పిడి ఫిల్టర్ గుర్తు మీద ఉందో లేదో చూడండి. ఫిల్టర్ తల మీది గాలి వాల్వు కొంచెం తెరిచి పంపు వేయండి. అక్కడి నుంచి గాలి బుస్సుమని పోయి, నీళ్లు చిమ్మడం మొదలవగానే మూసేయండి.

బాగున్న పంపు రెండు మూడు నిమిషాల్లో ఎత్తుకుంటుంది. ఐదు నిమిషాలైనా మూతలో నీళ్లు నిండకపోతే ఆపేయండి, ఇంకాసేపు చూద్దామని నడపొద్దు. షాఫ్టు వెంట నీళ్లు మోటారులోకి రాకుండా ఆపే సీలుకు చల్లదనం నీళ్ల నుంచే వస్తుంది. పొడిగా తిరిగితే సీలు మొహాలు కాలిపోతాయి, వేడికి సక్షన్ దగ్గరి ప్లాస్టిక్ మర కూడా వంకరపోతుంది. అప్పుడు ఒక చిల్లు కోసం వెతుకుతూ రెండో చిల్లు మనమే చేసినట్టు.

5. గాలి ఎక్కడినుంచి పోతోంది

ఎక్కువమంది ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. సక్షన్ వైపు చిల్లు నుంచి పంపు నడుస్తున్నప్పుడు నీళ్లు బయటికి కారవు, గాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనపడదు. అందుకే "ఎక్కడా లీకు లేదు సార్" అంటారు.

పంపు నడుస్తుండగా ఒక మగ్గుతో నీళ్లు తెచ్చుకోండి. ముందు మూత చుట్టూ నెమ్మదిగా పోయండి. శబ్దం మారి బుడగలు తగ్గితే చిల్లు అక్కడే, ఎందుకంటే గాలికి బదులు నీళ్లు పోతున్నాయి. మారకపోతే తర్వాతి అతుకుకు వెళ్లండి: డబ్బా కింది డ్రెయిన్ ప్లగ్గు, పైపు పంపులోకి ఎక్కే మర, యూనియన్, వాల్వు పిడి మొదలు, ఆ తర్వాత ప్రతి ఎల్బో. ఒక్కోచోట అర నిమిషం ఆగండి. మోటారు వైపు, కరెంటు వైర్ల వైపు నీళ్లు పడకుండా చూసుకోవాలి. అనుమానం ఉన్నచోట షేవింగ్ క్రీము నురగ పూసినా తెలుస్తుంది, చిల్లున్నచోట నురగ లోపలికి గుంటపడుతుంది.

నా అనుభవంలో మూత రింగు తర్వాత ఎక్కువగా దొరికేది పైపు పంపులోకి ఎక్కే ఆ మర దగ్గరే. పంపు ఎప్పుడో పొడిగా తిరిగి, మర వేడికి కుంచించుకుపోయి ఉంటుంది. టెఫ్లాన్ టేపు మర తిరిగే దిక్కుకే చుట్టి మళ్లీ ఎక్కించి చూడండి. అప్పటికీ ఆగకపోతే ఆ అడాప్టర్ కోసేసి కొత్తది వేయాలి. పైనుంచి పైపులు అతికించే సొల్యూషన్ పూసి, ఎం-సీల్ ముద్దచేసి అంటించినవి నేను ఎన్నో చూశాను. ఎండకు, అదురుకు అవి నెలలో విడిపోతాయి. సక్షన్ అతుకు మీద పైపూత నిలవదు, కోసి కొత్తగా అతికించండి. సొల్యూషన్ పెట్టాక డబ్బా మీద రాసినంత సేపు ఆరనివ్వండి.

వాల్వు పిడి మొదట్లో చిన్న రింగులుంటాయి. వాటి సంగతి ఎవరికీ గుర్తుండదు. పిడిని అటూ ఇటూ ఊపినప్పుడు బుడగలు ఎక్కువ తక్కువ అవుతుంటే లోపం అందులోనే.

పైన ఏమీ దొరకలేదంటే భూమిలోని పైపుల్లో వెతకాలి. దానికీ తేలిక దారి ఉంది. పూల్‌లో ఎవరూ లేనప్పుడు స్కిమ్మర్ వాల్వు మూసి మెయిన్ డ్రెయిన్ ఒక్కదాని మీద పది నిమిషాలు నడపండి. బుడగలు ఆగిపోతే చిల్లు స్కిమ్మర్ లైనులో. తర్వాత డ్రెయిన్ మూసి స్కిమ్మర్ మీద నడపండి. ఏ లైను మీద నడిపితే బుడగలు వస్తున్నాయో తేలింది కాబట్టి ఆ ఒక్క లైను వెంటే తవ్వాలి, టైల్సన్నీ పగలగొట్టక్కర్లేదు. చెట్ల వేర్లు, కారు చక్రం ఎక్కే చోటు, ఎల్బో ఉన్న మూల, ముందు ఈ మూడు చూడండి.

వాక్యూమ్ కొట్టేటప్పుడు మాత్రమే గోల వస్తుంటే పంపును వదిలేసి వాక్యూమ్ గొట్టం చూడండి. ఎండలో పడేసిన గొట్టం మడతల దగ్గర చిల్లులు పడుతుంది. గొట్టాన్ని ముందు నీళ్లతో నింపకుండా తగిలించినా అంతే.

6. అడ్డం: వాల్వు నుంచి ఇంపెల్లర్ దాకా

బుడగలు లేవు, మూతలో నీళ్లు నిండుగా ఉన్నాయి, అయినా గులకరాళ్ల శబ్దం, గేజ్ కింద. అంటే గాలి కాదు, అడ్డం. సక్షన్ వాల్వు పిడి తెరిచినట్టున్నా లోపలి బంతి తిరగకుండా పిడి ఒక్కటే తిరుగుతుండొచ్చు. మెయిన్ డ్రెయిన్ జాలీ మీద ఆకులో, ప్లాస్టిక్ కవరో కప్పుకుని ఉండొచ్చు. ఆ జాలీ పగిలినా, ఊడిపోయినా పంపు వేయనే వేయొద్దు, ఎవర్నీ పూల్‌లోకి దిగనివ్వొద్దు. ఒకే డ్రెయిన్ ఉన్న పూల్‌లో ఆ లాగుడుకు పిల్లల జుట్టో చెయ్యో పట్టుకుందంటే పెద్దవాళ్లు లాగినా రాదు. కొత్త జాలీ మరలతో బిగించేదాకా పూల్ మూసేయండి.

అవన్నీ బాగుంటే ఇంపెల్లర్. తీరం వెంట ఇళ్లకు, రిసార్టులకు ఇది పెద్ద తలనొప్పి. మామూలు ఆకు బుట్టలో ఆగుతుంది. సరుగుడు ఆకు సూదిలా నిలువుగా కన్నాల్లోంచి జారిపోయి, ఇంపెల్లర్ రెక్కల మధ్య ఒకదానిమీద ఒకటి పేరుకుంటుంది. రోజుకు కొంచెం కొంచెంగా గేజ్ పడిపోతూ వచ్చిందంటే నాకు ముందు దీని మీదే అనుమానం.

ఎంసీబీ ఆపి, వాల్వులు మూసి, బుట్ట తీసేయండి. డబ్బా లోపలి కన్నంలోంచి రెండు వేళ్లు పోనిస్తే చాలా పంపుల్లో ఇంపెల్లర్ నోరు తగులుతుంది. కొన వంచిన తీగతో మెల్లగా గీకి బయటికి లాగండి. మొన్న ఒక రిసార్టులో ఇలా లాగితే పిడికెడు నల్లటి ముద్ద వచ్చింది. విడదీస్తే ఆకులు, వెంట్రుకలు, దాంట్లో పిల్లల చేతికి కట్టే రబ్బరు బ్యాండు. వేళ్లకు అందకపోతే మోటారును డబ్బాకు పట్టి ఉంచే బోల్టులు విప్పి మోటారు వెనక్కి లాగాలి. ఇంపెల్లర్‌ను కప్పి ఉండే డిఫ్యూజర్ తీస్తే ఇంపెల్లర్ మొత్తం కనపడుతుంది. రెక్కలు విరిగాయా, అంచులు అరిగాయా చూసి, మళ్లీ బిగించేటప్పుడు అక్కడి పెద్ద రింగు కూడా తుడిచి గ్రీజు పూయండి.

కనిగిరి, పొదిలి వైపు గట్టి బోరు నీళ్లు పోసే పూల్స్‌లో ఆకుకు బదులు తెల్లటి సున్నం పొర దొరుకుతుంది. విడదీసిన ఇంపెల్లర్‌ను వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టి బ్రష్షుతో రుద్దితే పోతుంది. ఆసిడ్ వాడేవాళ్లు నీళ్లలో ఆసిడ్ పోయాలి, ఆసిడ్‌లో నీళ్లు పోయకూడదు. క్లోరిన్ డబ్బాలున్న గదిలో ఆ పని అసలు చేయొద్దు, రెండూ కలిస్తే వచ్చే గాలి ప్రాణాలు తీస్తుంది.

సరుగుడు బెడద ఉన్నవాళ్లు స్కిమ్మర్ బుట్టకు సన్నటి నెట్ సాక్సు తొడగండి. రోజూ పొద్దున దులపాలి. దులపకపోతే ఆ సాక్సే అడ్డమై మళ్లీ గులకరాళ్లు మొదలవుతాయి.

7. గేజ్ పైకి, ధార కిందికి: ఫిల్టర్

నీళ్లను ఎదురు దిశలో పంపి ఫిల్టర్ ఇసుకను కడగడాన్ని బ్యాక్‌వాష్ అంటారు. అది చేసిన వెంటనే గేజ్ ఎంత చూపిస్తుందో అది మీ పూల్ అసలు లెక్క. ఒక్కో పూల్‌కు ఒక్కోలా ఉంటుంది, 0.6 నుంచి 1 బార్ మధ్య సాధారణం. ఆ అంకెను గేజ్ పక్కన గోడ మీద మార్కర్‌తో రాయండి. దానికి అర బార్, అంటే 7 పీఎస్‌ఐ దాకా పెరిగినప్పుడు బ్యాక్‌వాష్ చేయాలి. పంపు ఆపి, పిడి బ్యాక్‌వాష్ మీదికి తిప్పి, రెండు మూడు నిమిషాలు, వాల్వు పక్కనుండే చిన్న గాజు గొట్టంలో నీళ్లు తేటపడేదాకా నడపాలి. మళ్లీ ఆపి, రిన్స్ మీద అర నిమిషం. మళ్లీ ఆపి, ఫిల్టర్ మీదికి.

బ్యాక్‌వాష్ చేసినా ముల్లు దిగకపోతే రిటర్న్ వాల్వు సగం మూసి ఉందేమో చూడండి. అదీ కాదంటే లోపలి ఇసుక గడ్డకట్టి ఉంటుంది. గట్టి నీళ్లకు ఇది తొందరగా వస్తుంది. ఇసుక మార్చాల్సిందే. నది ఇసుక చవకని పోయకండి. పెన్నలో దొరికే ఇసుకలో సైజులు కలిసి ఉంటాయి, మట్టి ఉంటుంది. ఫిల్టర్‌కు జల్లించిన సిలికా ఇసుక, మీ ఫిల్టర్ మీద రాసిన సైజుదే కావాలి. పూల్ అడుగున రిటర్న్ ముందు ఇసుక కనిపిస్తుంటే మాత్రం ఫిల్టర్ అడుగున ఇసుకను ఆపి నీళ్లను మాత్రమే వదిలే లాటరల్ గొట్టాలు విరిగినట్టు. ఇసుక అంతా తీయకుండా అది బాగుకాదు.

8. కరెంటు

పైవన్నీ బాగుండి ప్రెజర్ తక్కువగా ఉంటే అప్పుడు మోటారు వైపు రండి. పంపు నడుస్తుండగా ఎలక్ట్రీషియన్‌తో వోల్టేజీ కొలిపించండి. సింగిల్ ఫేజ్‌లో 230కి బదులు 200 కంటే కిందికి పడుతుంటే మోటారు వేడెక్కుతుంది, ఎత్తుకోవడానికి తంటాలు పడుతుంది. కెపాసిటర్ ఉబ్బినా, నూనె కారినా మార్చాలి. మైక్రోఫారడ్ల అంకె పాతదానిదే ఉండాలి, వోల్టుల అంకె అంతకు తగ్గకూడదు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో షాకు మిగిలి ఉంటుంది కాబట్టి తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.

త్రీఫేజ్ మోటారు ఉన్నవాళ్లు ఒక విషయం తప్పక గుర్తుంచుకోండి. కావలి దగ్గర ఒకచోట నాలుగు రోజులు తల బద్దలు కొట్టుకున్నాం. గాలి లేదు, అడ్డం లేదు, ఇంపెల్లర్ తుడిచినట్టు ఉంది. పంపు మాత్రం గోల, గేజ్ మామూలులో సగం కూడా లేదు. చివరికి అక్కడి వాచ్‌మన్ "పోయిన వారం బోర్డు మార్చినారు సార్, ఆ మర్నాటి నుంచే" అన్నాడు. వెంటనే మోటారు వెనక ఫ్యాను తిరిగే దిక్కు చూస్తే, ఒంటి మీది బాణానికి ఎదురు. రెండు ఫేజులు తారుమారయ్యాయి. ఈ రకం పంపు వెనక్కి తిరిగినా నీళ్లు కాసిని తోస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఏవైనా రెండు వైర్లు మార్చగానే సరిపోయింది. బోర్డులో గానీ బయటి లైనులో గానీ పని జరిగితే పంపు దిక్కు ఒకసారి చూసుకోండి. ఇప్పుడు నేను మొదటి ఐదు నిమిషాల్లోనే ఆ ప్రశ్న అడుగుతున్నాను.

9. బేరింగు, సీలు

ఎంసీబీ ఆపి, వెనక ఫ్యాను కవరు తీసి షాఫ్టును చేత్తో తిప్పండి. మెత్తగా తిరగాలి. గరగరమన్నా, పైకీ కిందికీ ఊగినా బేరింగులు పోయాయి. చాలాసార్లు బేరింగు ఊరికే పోదు, దానికి ముందు సీలు పోయి ఉంటుంది. పంపుకూ మోటారుకూ మధ్య కింద చూడండి. చుక్క చుక్కగా తడి, లేదా తెల్లటి ఉప్పు చార కనిపిస్తే సీలు కారుతోంది. ఆ నీళ్లు, అందులోని క్లోరిన్ ముందు బేరింగులోకి దిగుతాయి. కాబట్టి బేరింగు మార్చి సీలు పాతదే వదిలేస్తే కొద్ది నెలల్లో మళ్లీ అదే పాట. రెండూ ఒకేసారి మార్పించండి.

ఇది వైండింగ్ షాపు పని. పాత బేరింగు తీసుకెళ్లండి, దాని అంచు మీద 6203 అనో 6204 అనో నంబరు ఉంటుంది. రెండువైపులా రబ్బరు మూత ఉన్నది అడగండి, మన ఉప్పుగాలికి అదే నిలుస్తుంది. రొయ్యల గుంటల ఏరేటర్లు బాగుచేసే షాపులవాళ్లకు ఈ పని చేతికి అలవాటే. కొత్త సీలు నున్నటి మొహాన్ని వేళ్లతో తాకొద్దని మాత్రం చెప్పండి. చేతి జిడ్డు, దుమ్ము అంటితే మొదటి రోజు నుంచే కారుతుంది.

10. మొదటి రోజు నుంచీ గోలే అయితే

పంపు పెట్టిన నాటి నుంచే అరుస్తుంటే పైపు లెక్క తప్పింది. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.35 మీటర్ల లోతు ఉన్న పూల్‌లో 43,200 లీటర్లు పడతాయి. గంటకు 10,000 లీటర్లు తోసే పంపు దాన్ని నాలుగు గంటల ఇరవై నిమిషాల్లో ఒకసారి తిప్పేస్తుంది. ఇంటి పూల్‌కు అది చాలా ఎక్కువే. ఆ పంపుకు 50 మిల్లీమీటర్ల సక్షన్ పైపు, అంటే మనం ఒకటిన్నర ఇంచు అనేది వేస్తే నీళ్లు సెకనుకు సుమారు 1.8 మీటర్ల వేగంతో పరుగెత్తాలి. 63 మిల్లీమీటర్లది, రెండించుల పైపు వేస్తే ఆ వేగం 1.1 మీటర్లకు దిగుతుంది, గోల కూడా దిగుతుంది. పెద్ద మోటారు పెడితే ప్రెజర్ వస్తుందనుకుని ఒకటి పోయి రెండు హెచ్‌పీ పెట్టినవాళ్లకు గోల రెట్టింపవుతుంది, ఎందుకంటే సన్నటి పైపు అన్ని నీళ్లు ఇవ్వలేదు. పంపు నోటికి ఆనించే ఎల్బో వేయడం కూడా తప్పే. కనీసం పైపు వ్యాసానికి ఐదింతలు తిన్నగా రావాలి.

వానలకు ముందు

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకు గుంతల్లో పెట్టిన మోటార్లు ఎన్నో మునిగాయి. మోటారును నేల మీద నుంచి ఒక అడుగు దిమ్మె మీద పెట్టించండి. గుంతలోనే ఉండక తప్పకపోతే నీళ్లు తోడే చిన్న సబ్‌మెర్సిబుల్ పక్కన ఉంచండి. మునిగిన మోటారు పైకి ఎండినట్టు కనపడినా స్విచ్ వేయకండి. షాపులో ఆరబెట్టించి, మెగ్గర్‌తో (వైండింగ్ నుంచి కరెంటు లీకవుతోందా చూసే మీటరు) చూపించాకే వేయాలి. క్లోరిన్, ఆసిడ్ డబ్బాలు పంపు గదిలో దాచకండి. వాటి ఆవిరే సగం తుప్పుకు కారణం.

ఇన్ని చేసినా తేలకపోతే మెకానిక్‌కు ఫోన్ చేసేటప్పుడు "గోల చేస్తోంది" అని వదిలేయకండి. పంపు నడుస్తుండగా మూత మీద అర నిమిషం వీడియో తీయండి, శబ్దం కూడా వినపడాలి. గేజ్ ఫొటో, మోటారు మీది పేరుపలక ఫొటో పంపండి. గోడ మీది పాత అంకె ఎంత, గోల ఏ రోజు మొదలైంది, అంతకుముందు వారంలో కరెంటు పనో, పైపు పనో, వాక్యూమో ఏదైనా జరిగిందా చెప్పండి. మైపాడు రోడ్డు పిల్లాడు ఇప్పుడు అలాగే పంపుతాడు. పోయిన నెల వీడియోలో మూత నిండుగా ఉంది, బుడగ ఒక్కటి లేదు, గేజ్ మాత్రం సగానికి పడింది. "తీగ తీసుకుని ఇంపెల్లర్ గీకు నాయనా" అన్నాను. సాయంత్రానికి అరచేతిలో సరుగుడు ముద్ద ఫొటో వచ్చింది.